సూక్ష్మ ట్రాన్స్‌డ్యూసర్‌తో అల్ట్రాసౌండ్ ప్రోబ్: ఒంగోలు, నెల్లూరు ల్యాబుల్లో మొదలుపెట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

అల్ట్రాసౌండ్ ప్రోబ్ మనమే చేద్దామని ఎవరన్నా కదిలితే చాలు, వెంటనే వచ్చే అడ్డుమాట ఒకటుంది: "ఇక్కడ క్లీన్‌రూమ్ ఎక్కడుంది సార్?" నిజమే, మన కాలేజీల్లో సిలికాన్ వేఫర్ చెక్కే సౌకర్యం ఆశించలేం. కానీ శబ్దాన్ని పుట్టించి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే చిప్పు (అదే సూక్ష్మ ట్రాన్స్‌డ్యూసర్) చెక్కడం ఈ పనిలో ఒక భాగమే. దాన్ని బయట చేయించుకోవచ్చు. ఆ చిప్పుకి వైర్లు వెయ్యడం, అది పలికే సన్నటి సిగ్నల్‌ని కేబుల్ మింగేయకుండా కాపాడటం, పైన పూత పొయ్యడం, నీళ్లలో, ఫాంటమ్‌లో (శరీరానికి బదులు వాడే నకలు ముద్దలో) పరీక్షించడం మిగతా పని. చాలా ప్రోబులు ఫెయిలయ్యేది ఈ మిగతా పనిలోనే. దాన్నంతా ఒంగోల్లోనో నెల్లూర్లోనో ఒక మంచి ఎలక్ట్రానిక్స్ ల్యాబులో చెయ్యొచ్చు.

ఇది ఎలక్ట్రానిక్స్ లేదా బయోమెడికల్ చదువుతున్నవాళ్లకి, వాళ్ల గైడ్‌లకి రాస్తున్నాను. ఆసిలోస్కోప్ పట్టుకోవడం వచ్చినవాళ్లకి ఇబ్బందేమీ ఉండదు.

ముందు ఏ అవయవమో తేల్చుకోండి

"అన్నిటికీ పనికొచ్చే ప్రోబ్" అని మాత్రం మొదలుపెట్టకండి. అలాంటిది ఉంది. అమెరికాలో బటర్‌ఫ్లై కంపెనీ సుమారు 9,000 ఎలిమెంట్లను (శబ్దం పంపి, వినే చిన్న భాగాలను) ఒకే చిప్పు మీద పేర్చి తెచ్చిన ప్రోబ్‌కి 2017లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దాని వెనకున్న డబ్బూ మనుషులూ మన దగ్గర లేరు. ఒకే పని పెట్టుకుంటే లెక్కలన్నీ దారిలోకి వస్తాయి.

నన్నడిగితే డయాలసిస్ ఫిస్టులా చూసే చిన్న ప్రోబ్‌తో మొదలుపెట్టమంటాను. మార్కాపురం, కనిగిరి వైపు నుంచి డయాలసిస్‌కి తిరిగేవాళ్లకి చేతిలో ధమనినీ సిరనీ కలిపి ఫిస్టులా పెడతారు. అది పండిందో లేదో చూడటానికి డాక్టర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: 6 వారాలకి సిర వ్యాసం 6 మిల్లీమీటర్లన్నా ఉండాలి, చర్మం నుంచి 6 మిల్లీమీటర్ల లోపే ఉండాలి, రక్తం నిమిషానికి 600 మిల్లీలీటర్లన్నా పారాలి. రక్త ప్రవాహం కొలవాలంటే డాప్లర్ (తిరిగొచ్చే శబ్దం ఫ్రీక్వెన్సీలో మార్పుని బట్టి వేగం కట్టే పద్ధతి) కావాలి, దాని జోలికి ఇప్పుడు పోవద్దు. వ్యాసం, లోతు అయితే మామూలు చిత్రంలోనే కొలవొచ్చు.

లోతు తక్కువ కావడం ఇంకో రకంగా కలిసొస్తుంది. మెత్తటి కండలో శబ్దం ప్రతి సెంటీమీటరుకి, ప్రతి మెగాహెర్ట్జ్‌కి దాదాపు అర డెసిబెల్ చొప్పున తగ్గిపోతుంది. 7 మెగాహెర్ట్జ్‌తో 4 సెంటీమీటర్ల లోతుకి వెళ్లి తిరిగొస్తే 28 డెసిబెల్స్ పోతాయి. అదే కాలేయం చూడాలని 15 సెంటీమీటర్లకి వెళ్తే, ఫ్రీక్వెన్సీ 3.5కి దించినా 52 దాటుతుంది. మొదటి ప్రోబ్‌తో అంత బరువు ఎత్తుకోవద్దు.

సీమట్టా, పీమట్టా?

స్కానింగ్ సెంటర్లలో మామూలుగా కనిపించే ప్రోబుల్లో ఉండేది పీజెడ్‌టీ అనే సిరామిక్. సర్వీసు కుర్రాళ్లు "క్రిస్టల్ పోయింది" అనేది దాని గురించే. గట్టి పదార్థం కాబట్టి దాని అకౌస్టిక్ ఇంపిడెన్స్ శరీరానికంటే ఇరవై రెట్ల దాకా ఉంటుంది. ఇంత తేడా ఉంటే శబ్దం సరిహద్దు దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది, అందుకే మధ్యలో మ్యాచింగ్ పొరలు అతికించాలి. ఆ సిరామిక్‌ని సన్నగా కోయడం, అతికించడం చేతిపనితో కూడుకున్న వ్యవహారం.

సూక్ష్మ ట్రాన్స్‌డ్యూసర్ తీరే వేరు. సిలికాన్ మీద కొన్ని పదుల మైక్రాన్ల వెడల్పు గుంట, దానిమీద తప్పెట తోలులా బిగిసిన పల్చటి పొర. ఆ పొర కంపిస్తేనే శబ్దం. కంపింపజేయడానికి రెండు దారులు. పొరకీ అడుగుకీ మధ్య వోల్టేజి పెట్టి విద్యుదాకర్షణతో లాగితే అది సీమట్. స్టాన్‌ఫర్డ్‌లో ఖూరీ-యాకూబ్ బృందం 1990లలో దీన్ని ముందుకు తెచ్చింది. పొరమీదే అల్యూమినియం నైట్రైడ్ లాంటి పీజో పూత (వోల్టేజి ఇస్తే సాగీ ముడుచుకునేది) వేసి వంచితే అది పీమట్.

పీమట్‌కి బయాస్ వోల్టేజి (ఎప్పుడూ పెట్టి ఉంచాల్సిన స్థిరమైన వోల్టేజి) అక్కర్లేదు, డ్రైవ్ వోల్టేజి కూడా తక్కువే. అది పెద్ద సుఖం. సీమట్‌కి బ్యాండ్‌విడ్త్ (పలికే ఫ్రీక్వెన్సీల విస్తృతి) ఎక్కువ, మధ్య ఫ్రీక్వెన్సీలో నూరు శాతం పైన కూడా సాధించారు. చిత్రం స్పష్టత బ్యాండ్‌విడ్త్ మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ సీమట్ దారే చెబుతున్నాను. బయాస్ వల్ల వచ్చే చిక్కు సంగతి తర్వాత చూద్దాం.

కొలతలు కాగితం మీద

సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాల్క్యులేటర్‌తో ఒక సెల్లు (ఒక గుంట, దానిమీది పొర) లెక్క కట్టండి. పొర సిలికాన్, మందం 1.5 మైక్రాన్లు, వ్యాసార్ధం 20 మైక్రాన్లు, కింద శూన్యపు గుంట లోతు 0.15 మైక్రాను అనుకుందాం.

అంచులు బిగించిన గుండ్రటి పొర సూత్రం ప్రకారం గాల్లో దీని రెసొనెన్స్ (సహజంగా ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) 15 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. నీళ్లలోకి దించితే, పొరతో పాటు నీటి బరువు కూడా ఊగాలి కాబట్టి 7 మెగాహెర్ట్జ్ దగ్గరికి పడిపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, గాల్లో 7 వచ్చేలా డిజైన్ చేసి పంపేస్తారు. వాతావరణ పీడనానికి పొర మధ్యలో 5 నానోమీటర్లు కుంగుతుంది. 150 నానోమీటర్ల గుంటలో అది లెక్కలోకి రాదు.

తర్వాత పుల్-ఇన్ వోల్టేజి చూడాలి. వోల్టేజి పెంచుతూ పోతే ఒక దశలో పొర ఆగలేక అడుక్కి అతుక్కుపోతుంది. పై కొలతలకి అది ఎంత మోటుగా లెక్కవేస్తున్నామన్నదాన్ని బట్టి 50 నుంచి 80 వోల్టుల మధ్య వస్తుంది. గుంట లోతు రెండింతలు చేస్తే ఈ వోల్టేజి 2.8 రెట్లవుతుంది. కాబట్టి లోతు విషయంలో ఫౌండ్రీ (చిప్పు చేసిపెట్టే చోటు) ఎంత తేడా రానిస్తుందో ముందే కనుక్కోండి.

7 మెగాహెర్ట్జ్ దగ్గర శరీరంలో తరంగదైర్ఘ్యం 0.22 మిల్లీమీటర్లు. అందుకని ఎలిమెంట్‌కీ ఎలిమెంట్‌కీ దూరం 0.2 మిల్లీమీటర్లు పెట్టండి. 64 ఎలిమెంట్లయితే ప్రోబ్ ముఖం 12.8 మిల్లీమీటర్లు. ఎలిమెంట్ పొడవు 4 మిల్లీమీటర్లు. 45 మైక్రాన్లకొక సెల్లు చొప్పున ఒక్కో ఎలిమెంట్‌లో 4 వరసలు, వరసకి 88, అంటే 352 సెల్లులు. మొత్తం చిప్పులో ఇరవై రెండు వేల పైచిలుకు. నాలుగైదు చచ్చిన సెల్లులున్నా ఎలిమెంట్ నడుస్తుంది. కానీ ఒక్క సెల్లు షార్టయినా ఆ ఎలిమెంటంతా పోతుంది. లేఅవుట్‌లో ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ కొలతలు చేతికొచ్చాక ఫీల్డ్-2 గానీ కె-వేవ్ గానీ వాడి బీమ్ ఎలా ఉంటుందో చూసుకోండి. రెండూ ఉచితంగా దొరుకుతాయి.

చిప్పు చేయించడం

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ నడిపే ఐఎన్‌యూపీ పథకం కింద బయటి విద్యార్థులు కూడా పెద్ద నానో ల్యాబులు వాడుకోవచ్చు. బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయి ఐఐటీ మొదట్నుంచీ ఉన్నాయి, తర్వాత మద్రాసు ఐఐటీ లాంటివి చేరాయి. నెల్లూరు వాళ్లకి మద్రాసు రైల్లో మూడు గంటల లోపే. ప్రతిపాదన రాసి పంపాలి, శిక్షణకి వెళ్లాలి, తర్వాతే పరికరాల దగ్గరికి రానిస్తారు. ఓపిక కావాలి.

పద్ధతి క్లుప్తంగా ఇదీ. ఒక వేఫర్ మీద ఆక్సైడ్ పెంచి, అందులో గుంటలు చెక్కి, అడుగున మళ్లీ పల్చటి ఇన్సులేటింగ్ ఆక్సైడ్ పెంచుతారు. 1.5 మైక్రాన్ల పై పొర ఉన్న ఎస్ఓఐ వేఫర్‌ని (సిలికాన్ మీద ఆక్సైడ్, దానిమీద పల్చటి సిలికాన్ ఉన్నదాన్ని) తలకిందులుగా శూన్యంలో దానికి అంటించి, వెయ్యి డిగ్రీల పైన కాలుస్తారు. ఎస్ఓఐ వీపునంతా అరగదీసి, కరిగించి తీసేస్తే గుంటల మీద పొర మిగులుతుంది. దాన్ని ఎలిమెంట్లుగా విడగొట్టి అల్యూమినియం వేస్తారు. రెండు వేఫర్ల మధ్య ఒక్క దుమ్ము కణం పడ్డా దాని చుట్టూ అంటుకోని బుడగ ఏర్పడుతుంది. అసలు కష్టం అక్కడే. మధ్యలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు. దాన్ని కాలేజీ ల్యాబుకి తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా వద్దు.

ఇంత వద్దనుకుంటే పాలీమంప్స్, పీజోమంప్స్ పేరుతో (ఒకప్పుడు మెమ్స్‌క్యాప్ సంస్థ నడిపినవి) పంపకపు రన్లు ఉన్నాయి. ఒకే వేఫర్ మీద చాలామంది డిజైన్లు వేస్తారు. పొరల మందాలు ఫౌండ్రీ నిర్ణయించినవే. పీజోమంప్స్‌లో పొర 10 మైక్రాన్లు, కాబట్టి 100 మైక్రాన్ల వ్యాసార్ధం పెడితే నీళ్లలో 2 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫిస్టులాకి చాలదు గానీ చేయి తిరగడానికి మంచిదే.

చిప్పు రాగానే

వైర్లు వెయ్యకముందే ఇంపిడెన్స్ ఎనలైజర్ కింద పెట్టండి. బయాస్ లేకుండా ఎలిమెంట్ కెపాసిటెన్స్ కొలిస్తే మన లెక్క ప్రకారం 26 పికోఫారడ్లు, పైన ట్రాకుల వాటా కొంత రావాలి. తర్వాత బయాస్ ఐదేసి వోల్టులు పెంచుతూ వెళ్లండి. కెపాసిటెన్స్ మెల్లగా పెరగాలి, రెసొనెన్స్ 15 మెగాహెర్ట్జ్ నుంచి కిందికి జారాలి. బయాస్ పెంచినా రెసొనెన్స్ కదలకపోతే పొర అతుక్కుపోయి ఉంటుంది, లేదా అసలు విడివడి ఉండదు. కెపాసిటెన్స్ ఒక్కసారిగా ఎగిరిన చోటు పుల్-ఇన్. ఒక్కో చిప్పులో ఒకటి రెండు ఎలిమెంట్లని దీనికి బలివ్వండి, అన్నిటినీ లాగొద్దు.

పుల్-ఇన్ 60 వోల్టుల దగ్గర కనిపిస్తే బయాస్ 45 దగ్గర పెట్టుకోండి, అంటే నాలుగింట మూడొంతులు. బయాస్ పెంచుతూ ఒకసారి, దించుతూ ఒకసారి కొలిచి రెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద గియ్యండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కకి జరిగితే ఇన్సులేటింగ్ ఆక్సైడ్‌లో చార్జ్ చిక్కుకుంటోందన్నమాట. ఆ చిప్పుతో ఈ రోజు వచ్చిన చిత్రం వచ్చే నెల రాదు. ఈ గ్రాఫు దాచిపెట్టండి, మళ్లీ పని ఉంటుంది.

యాంప్లిఫయర్‌ని పిడిలోనే పెట్టాలి

ఈ పని మొత్తంలో ఎక్కువ రోజులు తినేది ఇదే. ఎలిమెంట్ కెపాసిటెన్స్ 26 పికోఫారడ్లు అనుకున్నాం. సన్నటి కోయాక్స్ కేబుల్ మీటరుకి 80 పికోఫారడ్లు ఉందనుకుంటే రెండు మీటర్లకి 160. సీమట్‌లో పుట్టిన వోల్టేజి ఈ రెండిటి మధ్యా పంచుకోవాలి కాబట్టి కేబుల్ చివర మిగిలేది ఏడో వంతు. చిప్పు బ్రహ్మాండంగా పనిచేస్తున్నా తెరమీద ఏమీ కనపడకపోవడానికి తరచూ ఇదే కారణం. "సెన్సిటివిటీ లేదు" అని పాపం చిప్పు మీద పడతారు.

అందుకని ప్రీయాంప్లిఫయర్ చిప్పుకి ఒకటి రెండు సెంటీమీటర్లలోనే ఉండాలి. ఓపీఏ657 లాంటి ఫెట్ ఇన్‌పుట్ ఆప్-యాంప్‌ని ట్రాన్స్‌ఇంపిడెన్స్ పద్ధతిలో (కరెంటుని వోల్టేజిగా మార్చేలా) కట్టుకోవచ్చు. మొదటి బోర్డుకి 8 చానెళ్లు చాలు. పంపడానికి మ్యాక్స్14808 లాంటి ఎనిమిది చానెళ్ల పల్సర్, తీసుకోవడానికి ఏఎఫ్ఈ5808 లాంటి ఎనిమిది చానెళ్ల ఫ్రంట్ ఎండ్, మధ్యలో హై వోల్టేజి స్విచ్‌లు. పంపే పల్స్ ప్రీయాంప్‌ని కాల్చకుండా టీఆర్ స్విచ్ (పంపేటప్పుడు ప్రీయాంప్‌ని వేరుచేసేది) తప్పనిసరి.

బయాస్ ఎక్కడ ఇవ్వాలన్నది రోగి భద్రతకి సంబంధించిన విషయం. పైన చెప్పిన పద్ధతిలో చేసిన చిప్పులో అడుగు సిలికాన్ అన్ని ఎలిమెంట్లకీ ఉమ్మడి. డీసీ బయాస్ దానికే ఇవ్వండి. చర్మం వైపు ఉండే పై ఎలక్ట్రోడ్లు డీసీ పరంగా గ్రౌండ్ దగ్గరే ఉంటాయి. బయాస్ దారిలో 10 మెగా ఓంల రెసిస్టర్ ఒక్కటి పెడితే, 45 వోల్టుల దగ్గర పూత మొత్తం చిరిగినా నిలకడగా పారేది 5 మైక్రోఆంపియర్ల లోపే. వైద్య విద్యుత్ పరికరాల భద్రతకి సంబంధించిన ఐఈసీ 60601-1 ప్రమాణం రోగికి మామూలు పరిస్థితిలో అనుమతించే డీసీ లీకేజి 10 మైక్రోఆంపియర్లు. సీమట్ డీసీ కరెంటు తాగదు కాబట్టి ఆ రెసిస్టర్ వల్ల పనికి ఇబ్బంది లేదు. పల్స్‌ని పై ఎలక్ట్రోడ్ మీద నెగటివ్ వైపు, 71 నానోసెకన్ల వెడల్పుతో, మొదట్లో 10 వోల్టులు దాటకుండా ఇవ్వండి. బయాసూ పల్సూ కలిపి పుల్-ఇన్ లోపే ఉండాలి.

పూత

25 మైక్రాన్ల వైర్లు వేశాక వాటిని ఎపాక్సీతో కప్పండి. ఆ తర్వాత పారిలీన్ (ఆవిరిగా పరిచే పల్చటి ప్లాస్టిక్) పూత, దానిమీద మెడికల్ గ్రేడ్ సిలికోన్ రబ్బరు. రబ్బరు కలిపాక వ్యాక్యూమ్‌లో బుడగలు తీసేయడం మరిచిపోవద్దు. ఒక్క బుడగ ఒక ఎలిమెంట్‌ని గుడ్డిది చేస్తుంది. లెన్స్ కోసం తంటాలు పడకండి. 4 మిల్లీమీటర్ల ఎలిమెంట్‌కి సహజ ఫోకస్ సుమారు 18 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, బల్లపరుపు పూత చాలు. సిర మరీ పైపైనే ఉంటే జెల్లీ కాస్త మందంగా వేసుకుంటే సరి.

మన కోస్తా గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉన్నాయి. పూత వెయ్యని చిప్పుల్ని సిలికా జెల్ ఉన్న గాలి చొరబడని డబ్బాలోనే ఉంచండి. తయారైన ప్రోబ్‌కి శత్రువు పూత అంచు. స్పిరిట్‌తో తుడిచీ తుడిచీ అక్కడ లేస్తుంది, జెల్లీ లోపలికి పోతుంది. అంచుని పిడి లోపలికి మడిచేలా అచ్చు చేయించండి.

నీళ్లు, గ్రానైట్, అగర్

మొదటి ప్రతిధ్వని నీళ్లలో చూడాలి. నీళ్లు మరిగించి, మూతపెట్టి చల్లార్చండి, కరిగిన గాలి పోతుంది. ఎదురుగా పెట్టడానికి నున్నగా పాలిష్ చేసిన గట్టి పలక కావాలి. చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చుకోండి, ప్రతి పాలిషింగ్ యూనిట్ బయటా పడుంటాయి. దాన్ని 15 మిల్లీమీటర్ల దూరంలో నిలబెడితే 30 డిగ్రీల నీళ్లలో ప్రతిధ్వని 19.9 మైక్రోసెకన్లకి రావాలి. పుస్తకాల్లో తరచూ కనిపించే 1482 మీటర్ల వేగం 20 డిగ్రీల నీటిది. మన దగ్గర మే నెలలో ల్యాబు తొట్టి 35 డిగ్రీలుంటే వేగం 1520. థర్మామీటర్ లేకుండా దూరాలు కొలవకండి.

తర్వాత ఫాంటమ్. జెలటిన్‌తో చెయ్యమని చాలాచోట్ల రాసి ఉంటుంది. నెల్లూరు ఎండాకాలంలో అది బల్లమీదే నీరుగారిపోతుంది. అగర్ వాడండి, కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేదే. గట్టిపడ్డాక 80 డిగ్రీల పైకి వెళ్తేగానీ కరగదు. లీటరు నీళ్లకి 30 గ్రాముల అగర్ కలిపి, ముద్దలు కట్టకుండా తిప్పుతూ, పలుచటి గంజి రంగు పోయి తేటపడేదాకా మరగనివ్వండి. దించి 80 నుంచి 100 మిల్లీలీటర్ల గ్లిజరిన్ పొయ్యండి, ధ్వని వేగం శరీరపు 1540 దగ్గరికి వస్తుంది. మెత్తటి గ్రాఫైట్ పొడి 40, 50 గ్రాములు జల్లెడపట్టి కలపండి. కండలా గరుకుగా కనిపించడానికి అదే కారణం. గిన్నె పట్టుకోగలిగేంత వేడికి, 50 డిగ్రీలకి, దిగేదాకా కలుపుతూనే ఉండాలి, లేకపోతే పొడంతా అడుక్కి దిగుతుంది.

పొయ్యకముందే డబ్బాలో అడ్డంగా సన్నటి నైలాన్ గాలపు తాళ్లు సెంటీమీటరుకొకటి బిగించండి. కొత్తపట్నం, మైపాడు దారుల్లో వలల కొట్లలో సన్నవి దొరుకుతాయి. పక్కనే సెలైన్ సెట్టు గొట్టం ముక్క ఒకటి, పైనుంచి 6 మిల్లీమీటర్ల లోతులో. అదే మీ సిర. గట్టిపడ్డాక పైన పల్చగా నీళ్లు పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బూజు వాసన వస్తే పారేసి కొత్తది చేసుకోవడమే.

చిత్రం తియ్యడం

8 చానెళ్లతో 64 ఎలిమెంట్ల చిత్రం ఎలా? ఒక్కో ఎలిమెంట్‌తో పంపుతూ, ఒక్కోసారి ఎనిమిదేసి ఎలిమెంట్లతో వింటూ మొత్తం సేకరించండి. 4 సెంటీమీటర్లకి రానూపోనూ 52 మైక్రోసెకన్లు. 64 ఎలిమెంట్లకి ఎనిమిదేసి సార్లు, మొత్తం 27 మిల్లీసెకన్లు. చెయ్యి కదలకుండా పట్టుకుంటే సరిపోతుంది. ఆపైన ప్రతి బిందువుకీ శబ్దం పట్టిన సమయం లెక్కగట్టి, ఆ సమయానికి వచ్చిన సిగ్నళ్లని కలపడమే. పైథాన్‌లో వంద లైన్లు దాటదు. తాడు చుక్కలా కాకుండా అడ్డగీతలా కనిపిస్తే ఎలిమెంట్ల వరస నంబర్లు ఎక్కడో తారుమారయ్యాయని ముందు అనుమానించండి.

మనుషుల మీద పెట్టకముందు

చిత్రం వచ్చేసరికి ఉత్సాహంగా సొంత చేతిమీద పెట్టి చూస్తారు. ఆగండి. గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం, 1994 కింద అల్ట్రాసౌండ్ యంత్రం ఎక్కడున్నా లెక్కలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి అమ్మడం, ఇవ్వడం నేరం. "మాది చేతి సిరలకే" అన్న వాదన మీద ఆధారపడొద్దు. పని మొదలెట్టకముందే కాలేజీ తరఫున జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి.

రోగుల మీద పరీక్షించాలంటే వైద్య పరికరాల నియమాలు, 2017 వర్తిస్తాయి. పరీక్షల కోసం తయారు చేసుకోవడానికి ఎండీ-12 ఫారంతో దరఖాస్తు చేస్తే ఎండీ-13 లైసెన్సు ఇస్తారు. మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి విడిగా కావాలి. దానికి ముందు హైడ్రోఫోన్‌తో (నీళ్లలో పెట్టే మైకుతో) పీడనం కొలిచి మెకానికల్ ఇండెక్స్ (శబ్ద పీడనం శరీరానికి హాని చేసే అవకాశాన్ని చెప్పే అంకె) 1.9 లోపుందని, ప్రోబ్ ముఖం 43 డిగ్రీలు దాటడం లేదని చూపాలి. ప్రమాణ పరీక్ష చల్లటి గదిలో చేస్తారు. కరెంటు పోయిన మే మధ్యాహ్నం వార్డులో గది వేడే 40 ఉంటుంది కాబట్టి మీరు అక్కడ కూడా కొలవండి. విద్యుత్ భద్రత లాంటి పరీక్షలకి విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో వసతులున్నాయి.

రెండో మాస్కుకి (చిప్పు డిజైన్‌ని వేఫర్ మీదికి దించే అచ్చుకి) ముందు

ప్రోబ్‌ని ఉప్పునీళ్లలో బయాస్‌తో సహా వారం రోజులు నాననిచ్చి, మొదట దాచిన కెపాసిటెన్స్ గ్రాఫుని మళ్లీ గియ్యండి. గీత మొత్తంగా పక్కకి జరిగితే ఇన్సులేటింగ్ ఆక్సైడ్ మందం, నాణ్యత గురించి ఫౌండ్రీతో మాట్లాడాలి. అక్కడక్కడా కొన్ని ఎలిమెంట్లే పోతే పూతలో సూది రంధ్రాలున్నట్టు, డిజైన్ ముట్టుకోనక్కర్లేదు. చివరి ఎలిమెంట్లే పోతుంటే వైర్ల దగ్గర ఎపాక్సీ చాలలేదు, చిప్పు అంచుకీ ప్యాడ్‌లకీ మధ్య ఇంకో అర మిల్లీమీటరు వదిలి మాస్కు గీయించండి.